పాత ఫారమా, కొత్త రిపోర్టా: అప్రైజర్‌కి ఇప్పుడు ఏది మేలు?

అమెరికాలో లోన్ మీద ఇల్లు కొన్న తెలుగువాళ్ళు చాలామంది చూసే ఉంటారు. కొనేముందు ఒక మనిషి వస్తాడు, గోడలు కొలుస్తాడు, గదిగదికీ ఫొటో తీస్తాడు, ముభావంగా వెళ్ళిపోతాడు. బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టే ఆ మనిషిని అప్రైజర్ అంటారు. నేను చేసే పని అదే. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు ఎక్కువగా తిరుగుతుంటాను. ఈ ఏడాది తోటి అప్రైజర్లలో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "కొత్తదానికి మారావా, ఇంకా పాతదేనా?"

విషయం ఇదీ. బ్యాంకులిచ్చే ఇంటి అప్పులను వాళ్ళ దగ్గర కొనే పెద్ద సంస్థలు రెండు, ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్. వాళ్ళకి ఏ రూపంలో కావాలో ఆ రూపంలోనే మేం రిపోర్టు రాయాలి. ఇన్నాళ్ళూ రాసినవి 2005 మార్చి నాటి ఫారాలు. విడి ఇంటికి 1004, కాండోకి (మన ఫ్లాట్ లాంటిది) 1073, రెండు నుంచి నాలుగు వాటాలున్న ఇంటికి 1025, బయటి నుంచి మాత్రమే చూసి రాసేదానికి 2055. 2011లో వాటికి యూఏడీ అనే ఒకే రకం రాత పద్ధతి తగిలించారు. 2018లో మొదలుపెట్టిన పెద్ద మార్పు ఇప్పుడు యూఏడీ 3.6గా వచ్చింది. ఇందులో ఫారం నంబర్లు లేవు. అన్ని ఇళ్ళకూ ఒకటే రిపోర్టు, ఇంటిని బట్టి దాని భాగాలు పెరుగుతాయి, తగ్గుతాయి. 2025 సెప్టెంబరు 8న కొద్దిమంది లెండర్లతో (అంటే అప్పిచ్చేవాళ్ళతో) మొదలై, 2026 జనవరి 26 నుంచి అందరికీ తెరుచుకుంది. నవంబరు 2 నుంచి తప్పనిసరి. అంటే అప్పటిదాకా రెండూ నడుస్తాయి. ఇప్పుడే మారాలా, ఆఖరి రోజుదాకా ఆగాలా అన్న మాట అందుకే వస్తోంది.

ఒకటి ముందే చెప్పాలి. ఏ ఆర్డరుకి ఏ రూపమో తేల్చేది లెండరు, మనం కాదు. మన చేతిలో ఉన్నదల్లా, మనకి ఆర్డర్లు పంపే లెండర్లకీ, వాళ్ళ తరఫున అప్రైజర్లని పెట్టే మేనేజ్‌మెంట్ కంపెనీలకీ "నేను సిద్ధం" అని చెప్పడం, లేదా చెప్పకపోవడం.

రెండింటికీ తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక పగులుతో చెప్తాను. మా ప్రాంతంలో నేల నల్లరేగడి లాంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. దాంతో పునాది కదలడం, తలుపు మూల నుంచి పైకప్పుదాకా గోడ పగలడం మామూలు. పాత 1004లో అలాంటి పగులు కనిపిస్తే ఇంటి స్థితికి సీ1 (సరికొత్తది) నుంచి సీ6 (బాగా పాడైనది) వరకు ఉన్న మెట్లలో ఒకటి వేస్తాను. ఇంటి పటుత్వాన్ని దెబ్బతీసే లోపాలున్నాయా అన్న గడిలో అవును, కాదు అని టిక్కు పెడతాను. అసలు సంగతి రిపోర్టు చివర అనుబంధంలో ఎక్కడో ఒక పేరాలో ఉంటుంది, ఫొటో ఇంకో పేజీలో. కొనేవాళ్ళు ఆ మూడింటినీ కలిపి చదివి అర్థం చేసుకోవడం నేనైతే చాలా అరుదుగా చూశాను.

కొత్త రిపోర్టులో లోపాలకి వేరే పట్టిక ఉంది. లోపం ఏమిటి, ఎక్కడుంది, ఇంటి పటుత్వానికి దెబ్బా కాదా, రిపేరు చెయ్యాలా లేక ఆ పని తెలిసినవాళ్ళతో చూపించాలా, సుమారు ఖర్చెంత అన్నీ వరసగా ఒక్కచోటే వస్తాయి. ఇంటి బయటికి, లోపలికి విడివిడిగా మెట్టు వేసి, తర్వాత మొత్తానికి ఒకటి వెయ్యాలి. వ్యాఖ్య కూడా ఆ భాగం పక్కనే రాయాలి. పాత పద్ధతిలోని "ఎన్;రెస్;" లాంటి పొడి అక్షరాలు పోయి మామూలు మాటలొచ్చాయి.

రాసేవాడికి ఇది ఎక్కువ పనే. మొదటి కొత్త రిపోర్టుకి నాకు మామూలుకన్నా ఒక పూర్తి రోజు ఎక్కువ పట్టింది. పాతదాంట్లో గతంలో రాసుకున్న పేరాలు తెచ్చి అతికించే అలవాటు ఉండేది. ఇక్కడ ఆ పేరాలకి చోటు లేదు. ప్రతి భాగమూ ఈ ఇంటి గురించి నువ్వేం చూశావో చెప్పమని అడుగుతుంది. నాలుగో రిపోర్టుకి టెన్షన్ తగ్గింది. కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే మాత్రం నాకు సందేహం లేదు, కొత్తదే మేలు. లోన్ ఖరారవడానికి కనీసం మూడు పనిదినాల ముందు అప్రైజల్ కాపీ కొనేవాళ్ళకి అందాలని ఇక్కడి చట్టం. అందిన కాగితం చదివితే పగులు ఎక్కడుందో తెలియాలి కదా!

మరి ఆగేవాళ్ళది తప్పా? కాదు. నాకు పని నేర్పిన పెద్దాయన ఇంకా 1004లోనే రాస్తున్నారు. ఆయనకి వచ్చే ఆర్డర్లు రెండు చిన్న బ్యాంకుల నుంచే, వాళ్ళింకా కొత్తది అడగడం లేదు. పైగా విడాకుల కేసులు, వారసత్వం పంపకాలు లాంటి పనుల్లో లెండరు ఉండడు కాబట్టి ఈ గొడవే లేదు. వచ్చే ఏడాది రిటైర్ అవుదామనుకునే మనిషి ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టి, వారాలు ఖర్చు పెట్టి నేర్చుకోవడం నాకూ సబబుగా అనిపించదు.

కానీ ఇంకో పదేళ్ళు ఈ పని చేద్దామనుకునేవాళ్ళు ఆగితే నష్టపోతారని నా నమ్మకం. నవంబరులో అందరూ ఒకేసారి మారతారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల హెల్ప్ లైన్ దొరకదు, లెండరు దగ్గర రిపోర్టు సరిచూసేవాళ్ళకీ కొత్తే. అప్పుడు తప్పు ఎవరిదో తేలకుండా రిపోర్టు మూడుసార్లు వెనక్కి వస్తుంది. ఇప్పుడు కొత్తది అడిగే ఆర్డరు వారానికి ఒక్కటి ఒప్పుకుని, మిగతావి పాతదాంట్లో చేసుకుంటే ఆదాయం పెద్దగా తగ్గదు. నేను చేస్తున్నది అదే.

ఇక సాఫ్ట్‌వేర్. ఇన్నాళ్ళూ మన కంప్యూటర్‌లో ఎక్కించుకున్న ప్రోగ్రాం, చేతిలో అట్ట, దానిమీద కాగితం, ఇంటికొచ్చి టైపు చెయ్యడం. ఇప్పుడు చాలా కంపెనీలు బ్రౌజర్‌లో నడిచేవి, టాబ్లెట్‌లో ఇల్లు చూస్తూనే నింపేవి తెస్తున్నాయి. కొత్త రిపోర్టు గదుల వారీగా, భాగాల వారీగా వివరాలు అడుగుతుంది కాబట్టి టాబ్లెట్ దానికి బాగా కుదురుతుంది. బాత్‌రూం ఎప్పుడు బాగుచేయించారో అడగడం మరిచిపోయి ఇంటికొచ్చి ఫోన్ చేసే బాధ తప్పింది. ఫొటో తీసిన వెంటనే దాని చోట్లో కూర్చుంటుంది.

అయితే టాబ్లెట్‌తో నాకొక చేదు అనుభవం అయింది. కొత్తగా కడుతున్న కాలనీలో సిగ్నల్ లేదు. నేను వాడిన యాప్ ఫొటోలు దాచుకున్నట్టే చూపించి, ఆఫీసుకొచ్చాక సగం లేవంది. ఇంటివాళ్ళని బతిమాలి మళ్ళీ వెళ్ళాను. నెట్ లేకపోయినా పూర్తిగా పని చేస్తుందా అన్నది డబ్బు కట్టేముందు స్వయంగా చూసుకోండి. టాబ్లెట్‌ని ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి మీ ఇంటినే ఒకసారి మొత్తం కొలిచి చూస్తే తెలిసిపోతుంది.

టాబ్లెట్‌లో ఇంకో ప్రమాదముంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డ్రాప్‌డౌన్ కనిపిస్తే చెయ్యి వెంటనే నొక్కేస్తుంది. ఇంటివాళ్ళు పక్కనే నిలబడి ఉండగా వంటింట్లో నిలబడి స్థితి సీ3 అనేస్తే, ఆ మాట మనసులో గట్టిపడుతుంది. నేను కొలతలు, ఫొటోలు, కనిపించిన వస్తువులు మాత్రమే అక్కడ నింపుతాను. స్థితి మెట్లు మా ఇంటికొచ్చాక, అమ్ముడైన పక్క ఇళ్ళ ఫొటోలు ముందు పెట్టుకుని వేస్తాను. ఇంటి వైశాల్యం కొలవడానికి ఫానీ మే 2022 ఏప్రిల్ నుంచి ఆన్సీ అనే ప్రమాణం అడుగుతోంది. ఆ లెక్క ఏ యాప్ గీసినా నేను చేత్తో ఒకసారి కూడి చూస్తాను.

కొత్త సాఫ్ట్‌వేర్లు పోలిక ఇళ్ళ (ధర పోల్చడానికి తీసుకునే అమ్ముడైన ఇళ్ళ) వివరాలు వాటంతటవే లాగుతాయి, ఇళ్ళ మధ్య తేడాలకి ధరలో ఎంత కలపాలో, తీసెయ్యాలో ఆ సవరణ అంకెలు కూడా సూచిస్తాయి. టెక్సస్‌లో అమ్మకం ధర బయటపెట్టాలన్న చట్టం లేదు. రికార్డుల్లో దొరికే ధర ఎంతవరకు నిజమో ఇక్కడ పనిచేసేవాడికే తెలుస్తుంది. తూర్పు ముఖం ఇల్లయితే మనవాళ్ళు కాస్త ఎక్కువ పెడతారని అందరూ అంటారు. అది ఆ వీధి అమ్మకాల్లో కనిపిస్తేనే నేను రాయగలను, కొనేవాళ్ళు ఎవరన్నది రాయకూడదు. ఈ తేడా సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, సంతకం మాత్రం నాది. అంకెల సూచన ఎంత బాగున్నా ఆ మీట నేను ఆపేసే ఉంచాను.

పాత ప్రోగ్రాం వదిలేసేముందు ఒక పని తప్పకుండా చెయ్యండి. మా వృత్తి నియమాలైన యూస్పాప్ ప్రకారం ఒక్కో రిపోర్టు ఫైలు కనీసం ఐదేళ్ళు దాచాలి, దాని మీద కోర్టులో సాక్ష్యం చెప్పి ఉంటే ఆ కేసు ముగిశాక కనీసం రెండేళ్ళు, రెండింటిలో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా. చందా ఆగిపోతే పాత ఫైలు తెరుచుకోకపోవచ్చు. అన్నీ పీడీఎఫ్‌లుగా మార్చి, నోట్స్‌తో సహా రెండు చోట్ల పెట్టుకోవాలి. నాకు ఆ పనికి రెండు శనివారాలు పట్టింది.

పెద్దాయనతో మొన్న ఇదంతా మాట్లాడాను. ఆయన మారనన్నారు, నేను బలవంతం చెయ్యలేదు. కానీ నా కొత్త రిపోర్టు ఒకటి, ఇంటివాళ్ళ వివరాలు తీసేసి, ప్రింటు తీసి చూపించాను. లోపాల పట్టిక దగ్గర చాలాసేపు ఆగి, "ఇది మన ఫారంలో ముందే ఉండాల్సింది" అన్నారు. తర్వాత నా టాబ్లెట్ అడిగి తీసుకుని, తన గ్యారేజీ కొలవడం మొదలుపెట్టారు.