గ్లాస్ ఫ్లేక్ ఎపాక్సీ కొనేవాళ్లకి హెచ్చరిక: శాంపిల్ ఒకటి, డ్రమ్ములో వచ్చింది మరొకటి

మా యాసిడ్ ట్యాంకుల కింద ఉక్కు స్టాండ్లకి గ్లాస్ ఫ్లేక్ ఎపాక్సీ, అంటే సన్నని గాజు రేకులు కలిపిన ఎపాక్సీ పూత, వేయించాం. ఏడు నెలలు తిరక్కుండానే బొబ్బలు లేచాయి. ఒకదాన్ని చాకుమొనతో చీలిస్తే లోపల నీరు, దాని కింద నల్లటి తుప్పు. ఊడొచ్చిన పెచ్చుని నూరి, పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్క చుక్క వేశాను. బుసబుసా పొంగింది. గాజు అలా పొంగదు. పొంగేది సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్.

ముందు ఇచ్చిన శాంపిల్ డబ్బాలో మాత్రం నిజంగానే గాజు రేకులున్నాయి. దాన్ని నమ్మే ఆర్డరిచ్చాం.

ఈ పూతకి మన్నికంతా రేకు ఆకారం వల్లే వస్తుంది. కొద్ది మైక్రాన్ల మందం రేకులు ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకుంటాయి. తేమ వాటి చుట్టూ తిరిగి తిరిగి గానీ లోహాన్ని చేరలేదు. అభ్రకం పనిచేసేదీ ఇలాగే. సుద్ద రేణువులకి ఆ అడ్డం ఉండదు, పైగా యాసిడ్ తగిలితే కరిగిపోయి చిల్లులు మిగులుస్తాయి. సుద్దని తప్పుపట్టడం లేదు, లోపలి గోడల పెయింట్లలో అది బాగానే పనికొస్తుంది. యాసిడ్ పడేచోటికి గాజు పేరు చెప్పి దాన్ని అంటగట్టడం మాత్రం మోసమే.

డ్రమ్ము తూచి కనిపెడదామంటే కుదరదు. గాజు సాంద్రత దాదాపు 2.5, సుద్దది 2.7. తేడా తేలదు. ఫిల్లర్ (పూతలో కలిపే రేకులు లేదా పొడి) అడుక్కి దిగుతుంది కాబట్టి, హార్డెనర్ (పూతని గట్టిపరిచే రెండో భాగం) కలపకముందే డ్రమ్ముని అడుగునుంచి బాగా కలియబెట్టి చెంచాడు తీయండి. థిన్నర్‌తో రెండుమూడుసార్లు కడిగి, మిగిలిన పొడిని పూర్తిగా ఆరనిచ్చి, టార్చి వెలుగులో భూతద్దంతో చూడండి. రేకులైతే తళుక్కుమంటాయి. మాకొచ్చింది తెల్లటి పిండి. తర్వాత యాసిడ్ చుక్క వేయండి, గ్లౌజులు, కళ్లద్దాలు మరవకండి. ప్రతి బ్యాచ్‌కీ ఇది చేయాల్సిందే.

అమ్మినవాళ్లిచ్చిన సాల్ట్ స్ప్రే రిపోర్టు (ఉప్పునీటి తుంపరకి పూత ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) మీద బ్యాచ్ నంబరే లేదు. అది నేను అప్పుడే అడగాల్సింది.

మరో మాట. సరుకు అసలైనదే అయినా, హైస్పీడ్ మిక్సర్‌తో ఎక్కువసేపు తిప్పితే రేకులు విరిగి ముక్కలవుతాయి. నెమ్మదిగా కలపమనండి. "గట్టిగా ఉంటుంది" అని సైట్లో ఇంకాస్త పొడి కలపబోతే ఆపేయండి. రేణువులన్నిటినీ తడపడానికి రెసిన్ (వాటిని పట్టి ఉంచే జిగురు ద్రవం) చాలకపోతే పూతలో సందులు పడతాయి, నీళ్లు అక్కణ్నుంచే దిగుతాయి.

ఇప్పుడు మా స్టాండ్లన్నీ బ్లాస్టింగ్‌తో గీకించి మళ్లీ మొదలుపెడుతున్నాం. మీ దగ్గర ఇంకా వాడని డ్రమ్ములుంటే ఈరోజే ఒకటి తెరిచి చూడండి.