జాగ్రత్త: కోర్టు చూపిస్తామని దిబ్బ ఎక్కించారు

సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం టూర్ బుక్ చేసేవాళ్లు డబ్బు కట్టేముందు ఒకసారి ఇది చదవండి.

మా నాన్న ముప్పై ఏళ్లు మున్సిఫ్ కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. "ఏం చూస్తారు నాన్నా?" అంటే "ఇక్కడి పాత కోర్టేదైనా ఉంటే చూపించు" అన్నారు. ఆన్‌లైన్‌లో ఒక ప్యాకేజీ కనిపించింది. "కహోకియా దుంగల కోర్టు, 1740 నుంచి చెక్కుచెదరకుండా అక్కడే, ఎంట్రీ టికెట్లు మావే" అని రాశారు. నలుగురికి 260 డాలర్లు. కట్టేశాను.

వ్యాన్ తీసుకెళ్లి దింపింది కహోకియా మౌండ్స్ దగ్గర. గొప్ప చోటే, కాదనను. 1982లోనే యునెస్కో జాబితాకెక్కింది. కానీ అది వెయ్యేళ్ల కిందటి మూలవాసుల నగరం. కోర్టుకీ దానికీ పేరొక్కటే కలుస్తుంది, మధ్య దూరం పది మైళ్ల పైమాటే. మోకాళ్ల నొప్పులతో ఆ వంద అడుగుల మట్టిదిబ్బ మెట్లెక్కి, పైన ఆయాసపడుతూ నాన్న అడిగిన మొదటి మాట: "కోర్టేదిరా?" గైడ్‌ని నిలదీస్తే కహోకియా అంటే ఇదే అంటాడు.

చివరికి తెరిచి ఉండే రోజు ఫోన్ చేసి కనుక్కుని, లీవు పెట్టి నాన్నని అసలు కోర్టుకి నేనే తీసుకెళ్లాను. అక్కడ టికెట్టే లేదు! ఇష్టమైతే విరాళం వేయొచ్చు. మరి మా దగ్గర టికెట్లకని దేనికి వసూలు చేసినట్టు?

చెక్కుచెదరకుండా అన్నదీ అబద్ధమే. ఫ్రెంచివాళ్ల కాలంలో ఇల్లుగా కట్టిన దాన్ని 1793లో కొని కోర్టు చేశారు. 1814లో సెయింట్ క్లెయిర్ కౌంటీ కేంద్రం బెల్‌విల్‌కి మారేదాకా ఇక్కడే నడిచింది. 1904లో ఊడదీసి సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌కి పట్టుకెళ్లారు, తర్వాత షికాగో పార్కులో పెట్టారు. మళ్లీ పాత చోటికి తెచ్చి నిలబెట్టింది 1939లో. ఈ కథ తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది కదా, దాచడమెందుకో!

గోడలు మాత్రం దగ్గరగా చూడాల్సిందే. దుంగల్ని అడ్డంగా పేర్చలేదు, పక్కపక్కనే నిలువుగా నిలబెట్టి సందుల్లో రాళ్లూ సున్నమూ కూరారు. చుట్టూ మన పాత ఇళ్లకున్నట్టే వసారా. నాన్న ఒక దుంగ మీద చెయ్యి వేసి నిలబడి, "రికార్డు రూము ఎటువైపు?" అన్నారు.

ఎవరైనా ఈ టూర్ అమ్ముతుంటే ముందు అడ్రసు అడగండి. కాలిన్స్‌విల్ అంటే దిబ్బలు. కహోకియా లేదా కహోకియా హైట్స్ అంటే కోర్టు. ప్యాకేజీ పేజీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, మాకు అమ్మిన టూర్ వాళ్లు రెండోరోజుకే ఆ వాక్యాలు మార్చేశారు.

రిఫండ్ అడిగితే "టూర్ పూర్తయింది" అని ఒక్క ముక్క జవాబు. కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు. నాన్న మాత్రం "వాయిదాలు పడతాయిలే, కాగితాలు పారేయకు" అంటున్నారు.