పాత ల్యాప్‌టాప్‌కు వేరే కంపెనీ బ్యాటరీ: రెండేళ్లు దాటిన వాడకం తర్వాత

పర్లాకిమిడిలో తెలుగు పిల్లలకూ ఒడియా పిల్లలకూ లెక్కలు చెబుతూ, ప్రశ్నపత్రాలు రెండు లిపుల్లోనూ టైపు చేసుకునే నాకు ల్యాప్‌టాప్ బ్యాటరీ చాలా అవసరమైన వస్తువు. గాలివాన వచ్చిందంటే మా గజపతి జిల్లాలో ముందుగా పోయేది కరెంటే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాతి చీకటి రాత్రులు ఇక్కడి వారికి ఇంకా గుర్తున్నాయి. పాత ల్యాప్‌టాప్‌కు అసలు తయారీదారు బ్యాటరీ దొరకడం మానేసినప్పుడు, దానికి సరిపోయేలా వేరే కంపెనీ చేసిన బ్యాటరీని వేయించి, రెండేళ్లకు పైగా వాడాక ఈ సమీక్ష రాస్తున్నాను. బ్యాటరీ మంచిదే. దానితో వచ్చిన కాగితం మాత్రం ఎందుకూ పనికిరాదు. బిగించిన వెంటనే ల్యాప్‌టాప్ ఆన్ కాకపోవచ్చని, అప్పుడు ఏం చేయాలని అందులో ఒక్క ముక్క కూడా లేదు.

పాత బ్యాటరీ ఉబ్బింది. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడక గట్టిగా తయారైనప్పుడు, కింది మూత అంచు లేచి బల్ల మీద ల్యాప్‌టాప్ కదులుతున్నప్పుడు అనుమానించవలసింది ముందుగా బ్యాటరీనే. లోపల వాయువు చేరి ఉబ్బిన లిథియం సెల్‌ను నొక్కి సరిచేయాలనుకోవడం, సూదితో పొడవడం నిప్పుతో ఆడటమే కనుక, ఆ లక్షణాలు కనిపించిన రోజునే వాడకం ఆపేశాను.

కొత్తది ఎంచుకునేటప్పుడు మోడల్ పేరు ఒక్కటీ చూస్తే చాలదు, ఒకే పేరున్న ల్యాప్‌టాప్‌లో వేర్వేరు బ్యాటరీలు ఉండవచ్చు. పాత బ్యాటరీ మీద ముద్రించిన పార్ట్ నంబరు, వోల్టేజీ, కనెక్టరు ఆకారం, స్క్రూ రంధ్రాల స్థానాలు, ఈ నాలుగూ కలవాలి. నాది వరుసగా మూడు సెల్స్ ఉన్న 11.4 వోల్టుల రకం. సామర్థ్యం 4,000 మిల్లీ ఆంపియర్ గంటలు, అంటే 45.6 వాట్ గంటలు. వాట్ గంటలు కొంచెం ఎక్కువ తక్కువైనా ఫరవాలేదు కాని, మూడు సెల్స్ వరుస ఉండవలసిన చోట నాలుగు సెల్స్ 15.2 వోల్టుల బ్యాటరీ పెట్టకూడదు. లేబుల్ మీద భారత ప్రమాణం ఐఎస్ 16046, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో కూడా చూశాను. మన దేశంలో లిథియం బ్యాటరీలకు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేని సరుకు ఎంత చవకగా వచ్చినా ఇంట్లో పెట్టుకోను.

బరంపురంలో కొన్న బ్యాటరీని మా ఊరి రిపేరు దుకాణంలో బిగించారు. పవర్ బటన్ నొక్కితే దీపం లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. చార్జరు తగిలిస్తే చార్జింగ్ దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. "బోర్డు పోయినట్టుంది మాస్టారూ, బరంపురం పంపాల" అన్నాడు దుకాణంలోని కుర్రవాడు. బోర్డు అంటే ల్యాప్‌టాప్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక. దాని మార్పిడి ఖర్చు ఆ వయసు ల్యాప్‌టాప్ విలువకు దగ్గరగా ఉంటుంది కనుక, ఆ మాటను అంత సులువుగా ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. వాడకం ఆపిన రోజు వరకూ చక్కగా నడిచిన యంత్రం, నాలుగు స్క్రూలు విప్పి ఒక కనెక్టరు మార్చినంత మాత్రాన బోర్డు పోగొట్టుకోవడం అసాధ్యం కాదు కాని అరుదు. ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి.

మొదట చార్జరు తీసేసి, మూత విప్పి, బ్యాటరీ కనెక్టరును వేరు చేయమన్నాను. అప్పుడు పవర్ బటన్‌ను దాదాపు అర నిమిషం నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిపోయిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. విద్యుత్తును అదుపుచేసే చిప్ అరకొర స్థితిలో ఇరుక్కుపోయి ఉంటే దీనితో మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. తర్వాత బ్యాటరీ లేకుండానే చార్జరు ఒక్కటీ తగిలించి బటన్ నొక్కాము. చాలా మోడళ్లు ఇలా నడుస్తాయి, కొన్ని మాత్రం బ్యాటరీ లేనిదే లేవవు. నాది లేచింది. ఫ్యాన్ తిరిగింది కాని తెర చాలాసేపు నల్లగానే ఉంది. బ్యాటరీ పూర్తిగా తీసేసిన తర్వాతి మొదటి ప్రారంభంలో కొన్ని యంత్రాలు మెమరీని మళ్లీ పరీక్షించుకుంటాయి. ఆ నిమిషం రెండు నిమిషాలు ఓపిక పట్టక బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కితే పని మొదటికొస్తుంది. చివరకు తేదీ, సమయం సరిచేయమని అడుగుతూ తెర వెలిగింది. బోర్డు బాగుందని అక్కడే తేలిపోయింది.

ఇక మిగిలింది బ్యాటరీ. లిథియం బ్యాటరీలో సెల్స్‌తో పాటు చిన్న రక్షణ సర్క్యూట్ ఒకటి ఉంటుంది. గోదాములో, రవాణాలో చార్జి వృథా కాకుండా అది బయటికి కరెంటు ఇవ్వకుండా నిద్రాస్థితిలో ఉంచే ఏర్పాటు చాలా బ్యాటరీల్లో ఉంది, చార్జరు నుంచి విద్యుత్తు తగిలితేనే అది మేలుకుంటుంది. పైగా విడిగా విమానంలో వెళ్లే లిథియం అయాన్ బ్యాటరీల్లో చార్జి 30 శాతానికి మించకూడదన్న అంతర్జాతీయ నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది కనుక, కొత్త బ్యాటరీ నిండుగా రావాలని ఆశించడమే సరికాదు. నెలల తరబడి గోదాములో ఉంటే ఆ కాస్తా ఇంకా తగ్గుతుంది. ఒక్కో సెల్ వోల్టేజీ 3 వోల్టుల కిందికి దిగితే చార్జింగ్ సర్క్యూట్ కొంతసేపు చాలా తక్కువ కరెంటే పంపుతుంది, ఆ సమయంలో యంత్రం చచ్చినట్టే కనిపిస్తుంది.

మళ్లీ చార్జరు తీసి, బ్యాటరీ కనెక్టరును రెండు వైపులా సమంగా ఒత్తి కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్‌ను ఆఫ్‌లోనే ఉంచి, దానికి సరిపోయే 65 వాట్ల చార్జరు తగిలించి అలాగే వదిలేశాము. దుకాణంలో చేతికందిన చిన్న ఫోన్ చార్జరుతో ఈ పని జరగదు. కొంతసేపటికి దీపం స్థిరంగా వెలిగింది, ఆ తర్వాత బటన్ మొదటి నొక్కుకే పనిచేసింది. కుర్రవాడు నిజాయితీపరుడు. ఇప్పుడు ఏ బ్యాటరీ మార్చినా ముందు చార్జరు మీద ఉంచే చూస్తున్నానని నాతో చెప్పాడు.

ఇంత చేసినా లేవకపోతే చూడవలసినది రిబ్బన్ కేబుళ్లు. మూత విప్పేటప్పుడు పవర్ బటన్‌కు, కీబోర్డుకు వెళ్లే పలుచని కేబుల్ తన గాడి నుంచి అర మిల్లీమీటరు జరిగినా బటన్ నొక్కిన సంగతి బోర్డుకు తెలియదు. తేదీ ప్రతిసారీ పాత కాలానికి పోతుంటే, బోర్డు మీది నాణెం ఆకారపు 3 వోల్టుల సెల్ అయిపోయిందని అర్థం. దాని ధర చాలా తక్కువ.

వాడకం విషయానికొస్తే, మొదటి వారాల్లో శాతం లెక్క నమ్మేలా లేదు. 20 దగ్గర ఉన్నట్టు చూపి ఒక్కసారిగా ఆగిపోయేది. నిండా చార్జి చేసి, ఆగేదాకా వాడి, మళ్లీ నిండా చార్జి చేస్తే మీటరు దారికొచ్చింది. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో తయారీ సామర్థ్యం పక్కన ఇప్పటి పూర్తి సామర్థ్యం కూడా కనిపిస్తుంది. మొదట్లో 44,000 మిల్లీవాట్ గంటల చుట్టూ ఉన్నది ఇప్పుడు 36,000 దగ్గర నిలబడింది. రెండు వేసవులు, రెండు వానాకాలాలు చూసిన బ్యాటరీకి ఇది గౌరవప్రదమైన సంఖ్య అని నా ఉద్దేశం. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల్లో, చార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆపే ఏర్పాటును ఈ బ్యాటరీ కూడా పాటించింది. సెల్‌ను ఎప్పుడూ నిండా నింపి, మే నెల వేడిలో చార్జరు మీదే ఉంచడం కన్నా దాని ఆయువును హరించేది మరొకటి లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం ఆ పరిమితి తీసేసి నిండా నింపుకుంటాను. అలా నింపితే తెర వెలుగు తగ్గించుకుని టైపు చేసుకోవడానికి నాలుగు గంటలకు పైగా వస్తుంది.

లోపాలు లేకపోలేదు. పెట్టెతో ఇచ్చిన స్క్రూడ్రైవరు మెత్తటి లోహం, స్క్రూ తలలను అరగదీస్తుంది. స్లీప్‌లో ఉంచితే పాత బ్యాటరీ కన్నా చార్జి కొంచెం వేగంగా దిగుతోంది. వారంటీ ఆరు నెలలే కావడం అన్నిటికంటే పెద్ద లోటు. ఇలాంటి బ్యాటరీ నాణ్యత అంతకంటే ఎక్కువ కాలం తర్వాతే బయటపడుతుంది కనుక, ఏడాది వారంటీ ఇచ్చే అమ్మకందారు ఉంటే కొంత ఎక్కువైనా అతని దగ్గరే కొనమంటాను. బిల్లు మీద బ్యాటరీ క్రమసంఖ్య రాయించుకోవడం తప్పనిసరి.

ఉబ్బిన పాత బ్యాటరీని చెత్తబండిలో వేయలేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కనెక్టరుకు టేపు చుట్టి, ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి, బరంపురం వెళ్లినప్పుడు కొన్న దుకాణంలోనే ఇచ్చాను. అడిగాక తీసుకున్నారు.