బోండాం నీళ్లలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్

ఎం.టెక్ ప్రాజెక్టు కోసం 0–32 బ్రిక్స్ చేతి రిఫ్రాక్టోమీటర్ కొన్నాను. 100 గ్రాముల ద్రావణంలో 1 గ్రాము చక్కెర ఉంటే 1 బ్రిక్స్. అంబాజీపేటలో బోండాం కొట్టించి, రెండు చుక్కలు అద్దం మీద వేసి వెలుతురు వైపు పట్టి చూస్తే గీత 5 దగ్గర ఆగింది. తోట పెద్దాయన "నాలిక్కి తెలీదేంటమ్మా?" అని నవ్వారు.

బ్యాటరీ గొడవ లేదు. చిక్కల్లా ఎండతోనే. ఉష్ణోగ్రతకి అదే సర్దుకుంటుందని పెట్టె మీద ఉంది గానీ, డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి తెచ్చిన గీత మే మధ్యాహ్నం గంటలోనే జరిగింది. పది కాయలకోసారి మళ్లీ సరిచేస్తున్నాను. పైగా ఇది చక్కెరనొక్కటే చూడదు, నీళ్లలోని ఉప్పుల్నీ కలిపేస్తుంది. థీసిస్‌లో 'కరిగిన ఘనపదార్థాలు' అనే రాస్తున్నాను. అద్దం తుడవడానికి దాంతోపాటు ఇచ్చిన గుడ్డ మాత్రం నాసిరకం, మెత్తటి నూలుది వాడండి.