మడత పవర్ వీల్‌చైర్‌తో ఆరేళ్ల ప్రయాణాలు

వెన్నుపాముకు దెబ్బ తగిలాక చాలా ఏళ్లు ఎక్కడికి వెళ్లినా నాకు మామూలు వీల్‌చైరే. అక్క వెనక నుంచి తోసేది. తను ఆగిన చోటే నేనూ చూడటం, తను కదిలితే కదలడం. ఏదో బాగుందనిపించి తల తిప్పేలోపే దాటిపోయేవాళ్లం. "చెప్పొచ్చు కదా, ఆపేదాన్ని" అనేది. ప్రతిసారీ చెప్పాలంటే మొహమాటం. అందుకే మడతపెట్టే పవర్ వీల్‌చైర్, అంటే బ్యాటరీతో నడిచేది, కొన్నాను. విమానాల్లో, రైళ్లలో, అద్దె కార్లలో ఆరేళ్లు తిప్పాక రాస్తున్న సమీక్ష ఇది.

బ్యాటరీతో కలిపి బరువు 26 కిలోలు. ఒక్కరే ఎత్తొచ్చని అమ్మేటప్పుడు చెప్పారు. నేల మీద నుంచి లేపడం వరకు నిజమే. కారు డిక్కీ అంచు దాటించాలంటే మాత్రం ఇద్దరుండాలి. ఒక్క చార్జింగ్‌తో 20 కిలోమీటర్లు వెళ్తుందని రాసి ఉంది. కొత్తలో చదునైన దారి మీద 14 వచ్చింది, ఎత్తుపల్లాలుంటే 10. నాలుగో ఏడు అది 7కి పడిపోయేసరికి బ్యాటరీ మార్చాను. కొనేటప్పుడే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బ్యాటరీ సామర్థ్యం ముందే చూసుకోవడం నాకు బాగా కలిసొచ్చింది. నాది 24 వోల్టులు, 12 ఆంపియర్-అవర్లు. గుణిస్తే 288 వాట్-అవర్లు. విడిగా తీయగలిగే లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లు మించకూడదన్నది విమానయాన నియమం. తీసిన బ్యాటరీని చెక్-ఇన్ సామాన్లలో వేయకూడదు, క్యాబిన్‌లో మనతోనే ఉంచుకోవాలి. టికెట్ కొన్న రోజే లేబుల్ ఫోటో తీసి విమాన సంస్థకు ఈమెయిల్ పంపుతాను. చాలా సంస్థలు 48 గంటల ముందు చెబితే చాలంటాయి కానీ నాకు అప్పటిదాకా ఆగడం టెన్షన్.

అసలు కష్టమంతా కుర్చీ నా చేతి నుంచి వేరేవాళ్ల చేతికి వెళ్లినప్పుడే. ఒకసారి విమానం దిగేసరికి కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ పక్కకు వంగిపోయి ఉంది. ముందుకు నెడితే కుర్చీ ఎడమకు తిరుగుతోంది. ఆ ప్రయాణంలో నాలుగు రోజులు గదిలోనే గడిచాయి. అప్పటి నుంచి విడివడే జాయ్‌స్టిక్, ఫుట్‌రెస్టులు, కుషన్ తీసి నాతోనే క్యాబిన్‌లోకి తెచ్చుకుంటున్నాను. కుషన్ మరీ ముఖ్యం. స్పర్శ లేనివాళ్లకు ఒత్తిడి పుండ్లు పడటానికి సరైన కుషన్ లేని కొన్ని గంటలు చాలు. కుర్చీ ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీస్తాను. ఎక్కడ పట్టుకుని ఎత్తాలో బొమ్మ గీసిన కాగితం సీటుకు అతికిస్తాను. ఆ కాగితం మొదలుపెట్టాక పెద్ద దెబ్బ ఏదీ తగల్లేదు.

ఇంకో సంగతి తప్పక చెప్పాలి. మోటార్ల దగ్గర రెండు లివర్లుంటాయి. వాటిని తిప్పితే కుర్చీని చేత్తో తోయొచ్చు, కానీ అప్పుడు బ్రేకు ఉండదు. ఒకసారి సిబ్బంది వాటిని అలాగే వదిలేసి కుర్చీ తెచ్చిచ్చారు. విమానం తలుపు నుంచి టెర్మినల్‌లోకి వెళ్లే ఏరోబ్రిడ్జి వాలుగా ఉంది. కూర్చోగానే కుర్చీ కిందికి జారింది. ఎదురుగా ఉన్న ఉద్యోగి అడ్డుపడి ఆపాడు. ఇప్పుడు లివర్లు చూడకుండా కుర్చీలోకి మారను.

అంతర్జాతీయ ప్రయాణాల్లో 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం చెక్-ఇన్ చేసిన వీల్‌చైర్ కూడా సామానే. నా కాళ్లను సామాను అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పాడైతే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారానికి పరిమితి ఉంటుంది, ఖరీదైన కుర్చీకి అది చాలకపోవచ్చు. సామాను అప్పగించేటప్పుడే దాని విలువ ప్రత్యేకంగా ప్రకటించే వీలు అదే ఒప్పందంలో ఉంది. అదనపు రుసుము అడగొచ్చు. నేను విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి నకలు తీసుకుంటాను.

హోటళ్ల విషయంలో "వీల్‌చైర్‌కు అనుకూలం" అన్న మాటను నమ్మడం మానేశాను. బాత్రూమ్ తలుపుకు అడ్డంగా కొలత టేపు పెట్టి ఫోటో పంపమంటాను. నా కుర్చీ వెడల్పు 60 సెంటీమీటర్లు. తలుపు 80 ఉంటే ఇబ్బంది ఉండదు. గుండ్రంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు కావాలి. ర్యాంపు ఉందంటే ఎంత పొడవని అడగండి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగులు ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే ఈ తేలిక కుర్చీ ముందు చక్రాలు పైకి లేవొచ్చు.

ముందు చక్రాలే దీని బలహీనత. చిన్నవి కావడంతో రాళ్లు పరిచిన పాత వీధుల్లో ఒళ్లు కుదిపేస్తుంది. ఇసుకలో కూరుకుపోతుంది. రైలుకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య సందు ఉంటే పలక వేయించుకోవాల్సిందే. మళ్లీ కొంటే రెండు కిలోలు బరువెక్కినా పెద్ద చక్రాలున్నదే తీసుకుంటాను.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ కుర్చీని వదులుకోను. మొదటి ప్రయాణంలోనే సముద్రం పక్కన చెక్క దారి మీద నాకు నచ్చిన చోట ఆపాను. పడవలు వస్తున్నాయి. ఎంతసేపు చూశానో తెలీదు, ఎవరూ నాకోసం వెనక నిలబడి లేరు. ఈ నెలలో బేరింగులు మార్పించాను. వచ్చే ప్రయాణానికి అక్క కూడా వస్తోంది. ఇప్పుడు తను పక్కనే నడుస్తుంది, మాట్లాడుతుంటే తన ముఖం కనిపిస్తుంది.