చెన్నై వడపళనిలో పాత తెలుగు సినిమా పోస్టర్ల కొట్టు: భూతద్దం తీసుకెళ్ళండి

సరుకు బాగుంటుంది, ‘ఒరిజినల్’ అనే మాట మాత్రం నమ్మకండి. 30 బై 40 అంగుళాల షీటుని భూతద్దంలో చూస్తే చుక్కల మీద చుక్కలు పడి అలల్లాంటి గళ్ళు కనిపిస్తాయి. అచ్చయిన పోస్టర్ని స్కాన్ చేసి మళ్ళీ అచ్చేస్తే వచ్చే లోపం అది. మడత గీతలు కూడా అచ్చులోవే, వేలితో తడిమితే తగలవు! రీప్రింట్ అనుకుంటే ధర పర్లేదు.

సినిమా పోస్టర్ల చిత్రకారుడు ఈశ్వర్ గారి డిజైన్లు అడిగితే విడిగా తీసి చూపిస్తారు. వాటిని టీషర్టుల మీద వేసి అమ్ముకోవచ్చని కొట్టాయన చెప్పేది తప్పు. డబ్బిచ్చి వేయించిన బొమ్మ మీద, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం హక్కు నిర్మాతది. గడువు లెక్క మాత్రం చిత్రకారుడిని బట్టే: ఆయన పోయాక 60 ఏళ్ళు. ఈశ్వర్ గారు పోయింది 2021లో, అంటే 2081 దాకా.