లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 పోయింది: సిమ్‌లింకా, పాత డెబ్ ఫైలా, కంటైనరా? ఏది మేలు?

ఉబుంటు లినక్స్ 20.04 వెర్షన్ నుంచి 22.04కి మారాక చాలామందికి తగిలే తలనొప్పి ఇది. అప్‌గ్రేడ్ సాఫీగా అయిపోతుంది, డెస్క్‌టాప్ వస్తుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది. నిన్నటిదాకా నడిచిన ఒక ప్రోగ్రాం మాత్రం లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 దొరకలేదని ఒక్క లైను చూపించి ఆగిపోతుంది.

ఆ ఫైలు నెట్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలోది (లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రాంలు పంచుకునే కోడ్). 20.04లో ఉన్నది దాని 1.1.1 వెర్షన్. 22.04లో దాని బదులు 3.0 వచ్చింది. ఉబుంటు రిపోలోని (అధికారిక ప్యాకేజీల నిల్వలోని) ప్రోగ్రాంలను కొత్తదానికి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసే ఇస్తారు కాబట్టి వాటితో గొడవ లేదు. విడిగా దించుకున్న డెబ్ ఫైళ్లు (ఉబుంటు ఇన్‌స్టాల్ ప్యాకేజీలు), ఇంట్లో కంపైల్ చేసుకున్న రూబీ భాష లాంటివే పాతదాని కోసం వెతుకుతాయి. అప్‌గ్రేడ్ చివర్లో అక్కర్లేని ప్యాకేజీలు తీసేయనా అని అడిగితే ఆలోచించకుండా వై కొట్టేస్తాం కదా, పాత లైబ్రరీ వెళ్లిపోయేది సాధారణంగా అక్కడే.

ముందు ప్రోగ్రాం మీద, దానికి కావలసిన లైబ్రరీలు చూపించే ఎల్‌డీడీ కమాండ్ నడిపి, ఇంకా ఏమేం లేవో చూడండి. లేనిది ఒక్కటే ఉంటే పని తేలిక. ఎక్కడిదో తెలియని ఫైలు మీద మాత్రం ఎల్‌డీడీ వద్దు, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలునే నడిపేయొచ్చు. ఫైలుని నడపకుండానే చదివి చూపించే రీడ్ఎల్ఫ్ వాడండి.

అందరూ మొదట చేసేది కొత్త ఫైలుకి పాత పేరుతో సిమ్‌లింక్ (ఇంకో ఫైలుకి దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) పెట్టడం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయంలో ఇది పనిచేయదు. ప్రోగ్రాంకి లైబ్రరీలు అందించే లోడర్‌కి ఫైలు దొరుకుతుంది, కానీ లోపల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 అనే వెర్షన్ గుర్తు ఉండదు, దాంతో ఇంకో ఎర్రర్ వస్తుంది. నిజానికి అలా ఆగిపోవడం మన అదృష్టం. వెర్షన్ గుర్తులు లేని లైబ్రరీ అయితే ప్రోగ్రాం మొదలై, డేటా రాస్తున్నప్పుడు మధ్యలో కూలొచ్చు. ఇక దాదాపు అన్ని ప్రోగ్రాంలూ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ ఫైళ్ల జోలికి అసలు వెళ్లకండి. అందులోని లిబ్‌సీ.ఎస్‌ఓ.6 చెడితే ఎల్‌ఎస్, సీపీ, సుడో లాంటి కమాండ్లన్నీ ఆ క్షణమే ఆగిపోతాయి.

20.04 నాటి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 డెబ్ ఫైలు తెచ్చి వేసుకుంటే ఎర్రర్ నిజంగానే పోతుంది. ఫైలు పేర్లు వేరు కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉండగలవు. ఇబ్బందల్లా తర్వాతే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి సాధారణ సపోర్ట్ 2023 సెప్టెంబర్‌లో ముగిసింది, ఉబుంటు 20.04కి 2025 మేలో. మీ 22.04 ఆ ప్యాకేజీని ఎప్పటికీ అప్‌డేట్ చేయదు. పైగా నెట్‌లో కాపీ చేసుకునే లింకుల్లో ఎక్కువ భాగం 2020లో వచ్చిన మొట్టమొదటి బిల్డ్‌కి వెళ్తాయి, తర్వాతి సెక్యూరిటీ ప్యాచ్‌లు అందులో ఉండవు. వేయక తప్పకపోతే సెక్యూరిటీ విభాగంలోని చివరి బిల్డ్ వెతికి తెచ్చుకోండి.

నాకు నచ్చేది ఇదే పనిని సిస్టమ్ ముట్టుకోకుండా చేయడం. ఆ డెబ్ ఫైలుని ఇన్‌స్టాల్ చేయకుండా విప్పి, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్, దాని తోడు ఫైలు లిబ్‌క్రిప్టో రెండింటినీ ప్రోగ్రాం పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టాలి. లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ సెట్టింగ్‌ని ఆ ఫోల్డర్‌కి చూపించి ప్రోగ్రాంని పిలిచే రెండు లైన్ల స్క్రిప్ట్ రాసుకుంటే చాలు. ఆ సెట్టింగ్‌నే, టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బాష్ఆర్‌సీ ఫైల్లో పెట్టారంటే టెర్మినల్ నుంచి నడిపే ప్రతి ప్రోగ్రాం ఆ ఫోల్డర్‌లోకే ముందు తొంగిచూస్తుంది, కొత్త టెన్షన్ మొదలు. ఈ దారిలోనూ లైబ్రరీ పాతదే, కాకపోతే దాన్ని వాడేది ఒక్క ప్రోగ్రామే. ప్రోగ్రాంని తీసేసిన రోజు ఫోల్డర్ కూడా పోతుంది.

లేని లైబ్రరీలు నాలుగైదు ఉన్నా, సర్వర్ మీద నడిచేదైనా 20.04 కంటైనర్ (పాత ఉబుంటు ఫైళ్లతో ప్రోగ్రాంని విడిగా నడిపే పెట్టె లాంటిది) నయం. కిటికీలు తెరిచే డెస్క్‌టాప్ ప్రోగ్రాంకి మాత్రం డిస్‌ప్లే, సౌండ్ లోపలికి అందించడానికే సగం రోజు పోతుంది.

సోర్స్ చేతిలో ఉంటే ఇవేవీ వద్దు, మళ్లీ కంపైల్ చేయండి. రూబీ వాళ్లు ఒకటి చూసుకోవాలి: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3కి సపోర్ట్ వచ్చింది రూబీ 3.1 నుంచే. అంతకు పాతదాన్ని 22.04 మీద నేరుగా కట్టబోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దగ్గరే ఆగుతుంది.

సోర్స్ లేని పాత ప్రోగ్రాం, నెట్‌తో పనిలేనిది అయితే ఫోల్డర్ పద్ధతి చాలు. అదే ప్రోగ్రాం బయటి నుంచి కనెక్షన్లు తీసుకునేదైతే కంటైనర్‌లో పెట్టినా లోపలి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాతదే కాబట్టి, తయారు చేసినవాళ్లను కొత్త బిల్డ్ అడగండి. అది వచ్చేదాకా అది కనెక్షన్లు తీసుకునే పోర్టుని ఫైర్‌వాల్‌లో మూసి ఉంచండి.